లోతా, లోతైనదా?



మచిలీపట్టణమున రాబర్టు నోబుల్ దొర 1843వ సంవత్సరమున ఇంగ్లీషు పాఠశాలను స్థాపించెను. నాటినుండి నేటివరకు ఈ కృష్ణాతీరపు బాలబాలికలు ఆ భాషను చదువుచునే యున్నారు. తరతరములుగా ఒక్కచోటనే కాలుజారుచున్నారు. వ్యాకరణమున నామ మనియు విశేషణ మనియు చెప్పు నౌను, అడ్జెక్టివులను ఒకదానికి బదులు మఱియొకటి వాడుచున్నారు. ఈ పొరపాటునకు మూల మేమో, దానిని దాటుట యెట్లో నేడు మనవి చేసెదను.

గుడివాడ ప్రాంతమున నేను పాఠములు చెప్పుచున్న కాలమున, కృష్ణ రెండు పాయలై చుట్టివచ్చు దివిసీమనుండి వచ్చిన బాలు డొకడు నా తరగతిలో నుండెను. మీ యూరి కాలువనుగూర్చి ఇంగ్లీషున నొక వాక్యము చెప్పుమంటిని. వాడు లేచి 'ది కెనాల్ ఈజ్ డెప్త్' అనెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆ సంవత్సర మంతయు వాడు మరల నోరు విప్పలేదు. తప్పు వానిది గాదని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

వాడు తెలుగున ఆలోచించెను. 'మా కాలువ చాల లోతు', 'ఈ తాడు పొడవు', 'ఆ గోడ యెత్తు' అనునవి తెలుగున నిండు వాక్యములే. లోతు, పొడవు, ఎత్తు నామములయ్యును మన భాషలో విశేషణముల పనిని గూడ చేయుచున్నవి. ఇంకను చిత్ర మేమనగా, 'కాలువ లోతు' అను రెండు మాటలకే రెండర్థములు గలవు. 'కాలువ లోతు, దిగకురా' అని తల్లి హెచ్చరించినప్పుడు కాలువ లోతైన దని యర్థము. 'కాలువ లోతు ఆరడుగులు' అన్నప్పుడు కాలువయొక్క లోతని యర్థము. మనకు సందర్భమే ఆ భేదమును తెలుపును. ఇంగ్లీషున నట్లు గాదు; మొదటి దానికి డీప్, రెండవ దానికి డెప్త్ అని మాటయే మారవలెను.

కావున విద్యార్థులకు నేను చెప్పు ఉపాయ మిది. ఇంగ్లీషు మాటకై వెదకుటకు ముందు తెలుగు మాటను విప్పి చూడుడు. 'ఐన' గాని 'గల' గాని చేర్చిన అర్థము నిలిచినచో విశేషణమును, 'యొక్క' చేర్చిన నిలిచినచో నామమును గ్రహింపుడు. బలము గల ఎద్దు స్ట్రాంగ్. ఎద్దుయొక్క బలము స్ట్రెంత్. ఆరోగ్యము గల బిడ్డ హెల్దీ. బిడ్డయొక్క ఆరోగ్యము హెల్త్. అప్పటికిని సందేహము తీరనిచో 'వెరీ' అను మాటను ముందుంచి చూడుడు. వెరీ డీప్ అనవచ్చును. వెరీ డెప్త్ అనరాదు.

ఒక్క మెలకువ. ఇంగ్లీషునను నామము మఱియొక నామమునకు ముందు నిలుచుట గలదు. తీరమున ఉప్పు పండించు మడి సాల్ట్ పాన్. ఉప్పగా నుండు బావినీరు సాల్టీ వాటర్. మొదటిది మడి దేనికొఱకో చెప్పును. రెండవది నీటి గుణ మెట్టిదో చెప్పును.

మన పెద్ద లీ భేదము నెఱుగనివారు గారు. అమరసింహుడు తన నిఘంటువు తృతీయకాండమున విశేష్యనిఘ్నవర్గ మని యొక వర్గమునే కూర్చెను. విశేష్యమునకు లోబడి నడచు మాటలని దాని యర్థము. అయినను సంస్కృతమున విశేషణము నామమువలెనే లింగవచనవిభక్తులను పొందును. పూర్వపు ఇంగ్లీషు వ్యాకర్తలును విశేషణమును నామమునందలి యొక భేదముగనే లెక్కించిరి. పండితులే ఒక్క గదిలో నుంచినవానిని పసివాడు కలిపినంత మాత్రమున నవ్వదగునా?

ఉపాధ్యాయసోదరులారా, 'నాయనా, నీ మాట తెలుగున ఒప్పే. ఇంగ్లీషున దానికి రెండు మాటలు గలవు' అని నే నానాడు చెప్పియున్నచో, వాడు ఆ నిమిషముననే నేర్చుకొనియుండును. తప్పు దిద్దుటకు ఒక వాక్యము చాలును. నవ్వువలన మూతపడిన నోరు తెఱచుటకు ఒక సంవత్సరమును చాలదు.