వేణునాదము – విస్పందనములు



పామర్రుకు చేరువనున్న మొవ్వలో వేణుగోపాలస్వామి ఆలయము కలదు. క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుడు ఆ స్వామియే. ఆ దాపుననే కూచిపూడి. అచ్చటి నాట్యమేళములో వేణువునకు స్థానము కలదు. కావున వేణువులోని గాలి యేమి చేయుచున్నదో తెలిసికొనుట ఈ సీమవారికి తగిన పని.

వేణువు పలుకునపుడు ముఖ్యముగా స్పందించునది వెదురు కాదు, దానిలోని గాలిస్తంభము. ఊదురంధ్రమునొద్ద పుట్టిన తరంగము కొసవరకు పోయి మరలివచ్చి, ఎదురు తరంగముతో కలియును. ఆ కలయికచే గాలి కొన్నిచోట్ల మిక్కిలి ఊగును, కొన్నిచోట్ల కదలకుండును. దీనినే స్థిర తరంగమందురు. తెరచిన కొసయందు ఊపు హెచ్చు; మూసిన కొసయందు ఊపుండదు.

30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. కొసలయొద్ద చేయవలసిన చిన్న సవరణను విడిచినచో, రెండు కొసలు తెరచిన 35 సెంటీమీటర్ల గొట్టము సెకనుకు 500 స్పందనములు చేయును. ఒక కొస మూసినచో 250 మాత్రమే. నాదము ఒక స్థాయి దిగును. అడుగున కణుపుగల వెదురు బొంగులో నీరు పోయునపుడు, గాలిస్తంభము తగ్గినకొలది మ్రోత సన్నబడుటయు ఇందువలననే. వేణువునకు ఒక కొస మూసియున్నను, ఊదురంధ్రము తెరచియుండుటచే అది తెరచిన గొట్టమువలె పలుకును.

ఒక వేణువు 500, వేరొకటి 504 స్పందనములు చేసినచో, కూడిన నాదము సెకనుకు 4 మారులు హెచ్చి తగ్గును. ఇవియే విస్పందనములు. అపశ్రుతి కటువుగా వినబడుటకు వేగముగా కలుగు విస్పందనములు కారణమని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. శ్రుతి దగ్గరపడినకొలది అవి నెమ్మదించి, కలిసినంతనే అణగిపోవును.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో ధ్వనివేగము సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగును. చలికాలపు ఉదయమున, ఊపిరిచే వేడెక్కిన వేణువునకును, అప్పుడే సంచినుండి తీసిన వేణువునకును 5 డిగ్రీల తేడా యున్నచో, సెకనుకు 4 విస్పందనములు పుట్టును. అది చేసినవాని దోషము కాదు, వాయించువాని దోషమును కాదు. తొందరపడి కత్తితో రంధ్రమును పెద్దది చేసినచో, వేణువు వేడెక్కిన పిదప శ్రుతి మించిపోవును. చెక్కిన వెదురు తిరిగిరాదు. కావున రెండింటిని కొంతసేపు ఊది, పిమ్మట చెవియొగ్గి వినవలెను. అప్పటికిని ఊపు నిలిచినచో కత్తి తీయవచ్చును.

కొలబద్ద లేకయే ఇంతటి సూక్ష్మభేదమును పట్టునది చెవి. ఆ భేదము వెదురుదా, వేడిదా యని విచారించి తేల్చునది విద్య. రెండును కూడిననాడే వేణువు చెడక నిలుచును.