చిన్న మోటారు ఇరుసుకు చక్రం బిగించాలంటే

బొమ్మ కారు మోటారు ఇరుసు సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. అంత సన్నని ఉక్కుకు రంధ్రం పెడితే బలం తగ్గుతుంది. రాలిన ఇనుప రజను లోపలి అయస్కాంతాలకు అంటుకుంటే మోటారే పాడవుతుంది. అందుకే రంధ్రం ఇరుసుకు కాదు, చక్రానికి పెట్టాలి. ప్లాస్టిక్ పళ్లచక్రానికైతే 1.9 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, బిగువుగా పడుతుంది. ఆ రంధ్రం సరిగ్గా నడిమధ్యన, నిటారుగా ఉండాలి. లేదంటే చక్రం ఊగి, బేరింగులు అరుగుతాయి. లేత్ మీద వేయిస్తే మేలు.

చక్రాన్ని సుత్తితో దిగ్గొట్టకండి. ఇరుసు వెనుక కొసకు ఆనుడు పెట్టి, వైస్‌లో మెల్లగా నొక్కండి. ఇత్తడి పుల్లీ అయితే పక్కనుంచి గ్రబ్ స్క్రూ బిగిస్తారు. అది ఆనేచోట ఇరుసును ఆకురాయితో కాస్త చదును చేస్తే జారదు. రాకేటప్పుడు మాత్రం మోటారుకు టేపు చుట్టడం మరవకండి.