పాత ఛాయాచిత్రములు



రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చి మాట్లాడుట పరిపాటి. నేను మాత్రము అక్షరములు లేని యొక గ్రంథమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. మన యిండ్ల గోడలపైనను, ట్రంకుపెట్టెల యడుగునను ఉన్న పాత ఛాయాచిత్రములే ఆ గ్రంథము.

ఛాయాచిత్రకళ 1839లో ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడియైనది. తెలుగుగడ్డపై దానికి కీర్తి తెచ్చినవారు ఆరవ నిజాము ఆస్థానమునకు చెందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను ఒక ఆంగ్లవనితకు అప్పగించిరి. ఆయన గాజుపలకలు వేలకొలది నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ప్రభువుల చిత్రములకు రక్షకులు గలరు. మన అవ్వల చిత్రములకు ఎవరు గలరు?

పాత దస్తావేజులలోను, శిస్తు రసీదులలోను తాతల పేర్లు కనబడును. అవ్వల పేర్లు అరుదు. పెండ్లినాటి గ్రూపు ఫోటోలో మాత్రము ఆమె చంకన బిడ్డతో నిలిచియుండును. ఆ బిడ్డ పసితనముననే జ్వరముతో పోయినచో, పుట్టినట్లు సాక్ష్యము చెప్పునది ఆ కాగితమొక్కటే.

అయితే చిత్రము తనంతట తాను మాట్లాడదు. "ఈమె మా మేనత్త, ఈ పిల్లవాడు మా చిన్నాయన" అని వేలుపెట్టి చూపు పెద్దలు ఉండవలెను. వారు వెడలిపోయిన మరునాటినుండి రక్తబంధువులే పేరు తెలియని బాటసారులగుదురు. చెదలు చేయు నష్టముకన్న ఇది పెద్దది.

కావున చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, వరుస, ఊరు, సంవత్సరము వ్రాయుడు. సిరా అవతలికి ఊరును. సంవత్సరము తప్పక వలయును. ఏలయన మన సింగరాయకొండ 1970 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము పేరు వచ్చినది. తేదీ లేనిచో ఊరి చిరునామాయే మనుమలను తికమక పెట్టును.

నలుపుతెలుపు చిత్రములో రూపము నిలుపునది సన్నని వెండి రేణువులు. మనకు సముద్రము దగ్గర. చెమ్మగాలికి చిత్రము వెలవెలబోవును, బూజు పట్టును. చెమ్మగోడకు తగిలింపరాదు. అద్దమునకు అంటుకొనిన దానిని బలవంతముగా లాగరాదు. తడిగుడ్డతో తుడువరాదు.

వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము పాత పత్రికలను కాపాడి పేరు గాంచినది. పత్రికను కాపాడిన గ్రంథాలయమునకు ఛాయాచిత్రము బరువగునా? మీ చిత్రములను తెండు. ఫోనుతో నకలు తీసి, అసలును ఆ దినముననే మీ చేతికిచ్చి, పేర్లను ఒక పుస్తకమున వ్రాసికొందము.

ముందుగా నేటి రాత్రియే మీ యింటి పెద్దల యెదుట పెట్టె తెరువుడు. వారు చెప్పుచుండగా వ్రాసికొనుడు. చిత్రము మరి కొన్నాళ్లు ఆగవచ్చును, చెప్పువారు ఆగరు.