బకాయిల లెక్క
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పైరెండేళ్లు లెడ్జర్లు దిద్దినవాణ్ణి. కూడిక తప్పితే నిద్రపట్టని జాతి మనది. అటువంటి నేను కిందటేడు ఒక లెక్క తప్పాను. అది చెప్పుకోవడానికే ఈ అయిదు నిమిషాలు అడిగాను.

కుటుంబ పింఛను బకాయిలు రావలసిన సోదరీమణుల జాబితాను మా మనవరాలు కంప్యూటరులో ఎక్కించింది. మండలానికి ఒక వరుస, వరుసలో పేర్లు, ప్రతి పేరు పక్కన 'బకాయి' అని. వినతిపత్రంలో ఎంతమందో రాయాలి. వేలు పెట్టి లెక్కించే ఓపిక లేక 'గ్రెప్'ను ఆశ్రయించాను. 1973లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన చిన్న ప్రోగ్రాము అది. ఫైలులో మాట వెతికిపెడుతుంది. 'మైనస్ సి' తగిలిస్తే సంఖ్య చెబుతుంది. 41 అంది. రాసేశాను.

సంతకానికి వెళితే కోశాధికారిగారు, "మా మండలంలోనే నలుగురున్నారు కదండీ, మొత్తం ఇంతేనా?" అన్నారు. ఇంటికొచ్చి మనవరాలిని అడిగాను. "తాతయ్యా, అది మాటలను లెక్కపెట్టదు, మాట ఉన్న వరుసలను లెక్కపెడుతుంది" అంది. నలుగురున్నా ఒకటే, ఒక్కరున్నా ఒకటే. నేను లెక్కించినవి మండలాలన్నమాట!

'మైనస్ ఓ' అంటే దొరికిన ప్రతి మాటనూ విడిగా ఒక్కో వరుసలో పెడుతుంది. వాటిని 'డబ్ల్యుసి మైనస్ ఎల్'కు అందిస్తే అసలు లెక్క తేలుతుంది. 63.

అంతటితో అయిపోలేదు. కొన్నిచోట్ల 'బకాయీ' అని దీర్ఘం పడింది. మనకు రెండూ ఒకటే, యంత్రానికి కాదు. అయితే యూనికోడ్‌లో గుడి, గుడిదీర్ఘం అక్షరం తరువాత విడిగా నిలుస్తాయి. కనుక వాటిని వదిలి 'బకాయ' అని వెతికితే రెండూ దొరికాయి. 66. ఇంకొందరికి 'బాకీ' అని రాసి ఉంది, వారు అయిదుగురు. 71 అని సంతోషిస్తుండగా, 'బకాయి లేదు' అని ఉన్న ఇద్దరూ లెక్కలో చేరారని తెలిసింది! యంత్రానికి 'లేదు'తో పనిలేదు మరి.

చివరకు జాబితా అచ్చు తీయించి, ఎర్ర పెన్సిలుతో పేరు పేరునా టిక్కు పెట్టాను. 69. మనవరాలు నవ్వింది, నవ్వనీండి. పాత వినతిపత్రం చించేసి కొత్తది రాశాను.

నా పక్క కుర్చీలో పదకొండేళ్లు పనిచేసిన మిత్రుని భార్య పేరు ఆ 'బాకీ' అయిదుగురిలో ఉంది. ఆవిడ ఈరోజు మూడో వరుసలో కూర్చున్నారు. డబ్బు ఇంకా అందలేదు.