పాట మనది, మరి వీడియో ఎవరిది?

(ఆదివాసీ విద్యార్థుల పాట–వీడియో శిబిరంలో, షూటింగ్‌కు ముందు రోజు సాయంత్రం మాట్లాడిన మాటల పాఠం)



ఇక్కడ గోండు పిల్లలున్నారు, కోలాములున్నారు, తోటీలు, నాయకపోళ్లు ఉన్నారు. భద్రాచలం వైపు నుంచి కోయ తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చారు. ఒకరి భాష ఇంకొకరికి పూర్తిగా రాదు కాబట్టి నేను తెలుగులో మాట్లాడుతున్నా. పాట మాత్రం గోండిలోనే ఉండాలని మీరే తేల్చుకున్నారు. సంతోషం.

మీ పాట విన్నాను. హాస్టల్ నుంచి దండారీ పండక్కి ఇంటికి పోయే పాట. బస్సు రాకపోవడం, ఆటోలో పదిమంది ఇరుక్కుని కూర్చోవడం, వాగు కాడ దిగి నడవడం, ఊరు దగ్గరపడుతుంటే తుడుం చప్పుడు వినబడడం. అక్కడ బీటు మారి ర్యాప్ మొదలవుతుంది. రెండుసార్లు విన్నా, మూడోసారి కూడా వినాలనిపించింది.

“ఇదేం పాట, ఇట్లాంటివి చేస్తే మన సంస్కృతి పాడైపోదా” అని కొందరు పెద్దలు అడిగారట. వాళ్ల మాటను కొట్టిపారేయొద్దు. ఎందుకు భయపడుతున్నారో వినండి. కానీ ఒక మాట చెప్పండి. కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఆయన త్యాగం మీద పాడుకునే పాటలన్నీ ఆ తర్వాత కట్టినవే గదా. మనవాళ్లు ఎప్పటికప్పుడు కొత్త పాటలు కడుతూనే ఉన్నారు. అప్పుడు తుడుం, పేప్రె, కిక్రి ఉన్నాయి. ఇప్పుడు వాటితో పాటు ల్యాప్‌టాప్‌లో బీట్ కూడా ఉంది. కొత్త పాట కట్టడం తప్పు కాదు. ఎవరి కోసం కడుతున్నాం, ఎవరి చేతిలో పెడుతున్నాం అన్నదే అసలు సంగతి. ఇవాళ దాని గురించే మాట్లాడదామని వచ్చా.

మనల్ని ఇన్నాళ్లూ ఎవరు చూపించారు? హైమెండార్ఫ్ దొర 1940లలో మార్లవాయికి వచ్చి మనోళ్ల ఫొటోలు ఎన్నో తీశారు. మన మీద ప్రేమతోనే తీశారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ గారి సమాధి మార్లవాయిలోనే ఉంది. అయినా ఆ ఫొటోలు ఇవాళ ఉన్నది లండన్ యూనివర్సిటీలో. మన తాతల ముఖాలు చూడాలంటే మనం అక్కడి వెబ్‌సైట్ తెరవాలి. ప్రేమతో తీసిన ఫొటోల సంగతే ఇట్లా ఉంటే, ఇగ సినిమాలోళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆకుల లంగాలు, ముఖాలకు రంగులు, చేతిలో ఈటె, అర్థం లేని అరుపులు, మధ్యలో పట్నం హీరో. అది చూసి మన పిల్లలే సిగ్గుపడి బస్సులో గోండి మాట్లాడడం మానేశారు.

ఇప్పుడు ఫోన్ మన చేతిలో ఉంది. ఫోన్ చేతికి వచ్చినంత మాత్రాన చూపు మారదు. నిన్న మీ చర్చలో ఒకరు “ఈకల టోపీలు, ఆకుల డ్రెస్సులు అద్దెకు తెద్దాం” అన్నారు. ఎవరని అడగను. ఆ ఆలోచన ఎక్కడిది? మీ ఊళ్లో ఎవరైనా ఆకులు కట్టుకుని తిరుగుతున్నారా? మీ అమ్మ చీర ఎట్లా కడుతుందో అట్లా చూపించండి. మీరు వేసుకునే జీన్స్ ప్యాంటు కూడా చూపించండి. రెండూ నిజమే.

ఫోన్‌లో ఇంకో దొంగ ఉన్నాడు. ముందు కెమెరా తెరవగానే చాలా ఫోన్లలో బ్యూటీ ఫిల్టర్ దానంతటదే పనిచేస్తుంది. ముఖం తెల్లగా, ముక్కు సన్నగా చేసేస్తుంది. రేపు పొద్దున మొదటి పని దాన్ని ఆపెయ్యడం. మన రంగు మన రంగులాగే రావాలి. నల్లటి ముఖం వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఫోన్ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. ముఖం మీద వేలు పెట్టి లాక్ పడేదాకా నొక్కి పట్టుకోండి, తర్వాత కొంచెం వెలుతురు పెంచండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత తీయండి. మధ్యాహ్నం ఎండలో కళ్ల కింద నీడలు పడతాయి. ఆ టైంలో అన్నం తినండి, ఇంటి లోపలి షాట్లు తీసుకోండి.

ఇగ లెక్క. నాలుగు నిమిషాల పాట అంటే 240 సెకన్లు. ఒక్కో షాట్ సగటున నాలుగు సెకన్లు అనుకుంటే 60 షాట్లు కావాలి. ఈ రాత్రే ఒక నోట్‌బుక్‌లో ఆ 60 రాయండి. ఏ లైను, ఎవరు, ఎక్కడ, ఎవరి దగ్గర ఫోన్. పాట ముందే రికార్డు అయ్యింది కాబట్టి స్పీకర్‌లో పెట్టి దాంతో పాటు గొంతెత్తి నిజంగానే పాడండి. ఉత్త పెదవులు కదిలిస్తే మెడ నరాలు కదలవు, చూసేవాడికి తెలిసిపోతుంది. ఫోన్‌లో వచ్చే ఆ గరగర శబ్దం చెరపొద్దు, ఎడిటింగ్‌లో అసలు పాటతో కలపడానికి అదే గుర్తు. వాగులో నీళ్లు ఎక్కువుంటే ఆ షాట్ వదిలెయ్యండి. అడవి లోపల అనుమతి లేని చోటికి కెమెరా పట్టుకుని పోవద్దు. మన మీద కేసు పెట్టడానికి ఎవరికీ సాకు ఇవ్వొద్దు.

పనులు పంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి. మీ లిస్టులో ఆడపిల్లలంతా డ్యాన్సులో ఉన్నారు. కెమెరా, ఎడిటింగ్, డైరెక్షన్ అంతా మగపిల్లలే. ఇది మన ఊరి పద్ధతి కాదు, సినిమా పద్ధతి. ఒక ఫోన్ కచ్చితంగా చెల్లెళ్ల చేతిలో ఉండాలి. ఎడిటింగ్ దగ్గర వాళ్లు కూర్చోవాలి. వీడియో పెట్టాక కింద రాసే చెడ్డ మాటలు పడేది ఎక్కువగా వాళ్లే. అందుకే పెట్టకముందు ప్రతి ఒక్కరూ తమ షాట్ చూసుకుని “సరే” అనాలి. ఎవరైనా “నా ముఖం వద్దు” అంటే ఆ షాట్ పోతుంది. ఎంత మంచి షాటైనా సరే.

ఇప్పుడు గుస్సాడీ విషయం. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా కోయ తమ్ముళ్ల కోసం చెప్తా. నెమలి పింఛాల టోపీ మాకు డ్యాన్స్ డ్రెస్ కాదు. దండారీ రోజుల్లో గుస్సాడీ కట్టినాయన స్నానం చెయ్యడు. ఏత్మాసార్ పేన్ ఆయన మీద ఉన్నాడని మా నమ్మకం. కోలబోడితో అది ముగిసేదాకా ఆ నియమం నడుస్తుంది. మరి గుస్సాడీ ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదా అంటే ఎక్కింది. మార్లవాయి కనకరాజు గారు జీవితమంతా ఆ ఆట నేర్పారు, 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాబట్టి “అస్సలు చూపొద్దు” అనే రూలు లేదు, “ఎట్లయినా చూపొచ్చు” అనే రూలూ లేదు. ఏది చూపాలో ఊరు తేలుస్తుంది.

అందుకే రేపు పొద్దున కెమెరా తియ్యకముందు పటేల్, దేవారి, ఊరి పెద్దలు, ఆడవాళ్లు ఉన్న చోట కూర్చోండి. పాట వినిపించండి. 60 షాట్లూ చదివి వినిపించండి. పూజ దగ్గర వద్దంటే ఆపెయ్యండి. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 1996 పెసా చట్టం సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన మేధో సంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఉందని రాసింది. మనం గనుల కంపెనీల దగ్గర గ్రామసభ అనుమతి ఏదని అడుగుతున్నాం. మనం ఊళ్లోకి కెమెరా తెచ్చినప్పుడు అడక్కపోతే ఆ మాటకు బలం ఉండదు.

ఇగ అసలు కష్టమైన విషయానికి వద్దాం. ఒక యూట్యూబ్ ఛానెల్ ఆయన మీ దగ్గరికి వచ్చాడని విన్నా. “పెద్ద కెమెరా తెస్తా, డ్రోన్ పెడతా, ఎడిటింగ్ ఖర్చు నాదే, వీడియో నా ఛానెల్‌లో వస్తుంది, ఈ కాగితం మీద సంతకం పెట్టండి” అన్నాడట. ఆయన చెడ్డవాడని నేను అనట్లేదు. ఆయనకు సబ్‌స్క్రైబర్లు ఉన్నారు, మీకు లేరు. కానీ ఆ కాగితం కింద ఏం పోతుందో తెలుసుకుని మాట్లాడండి.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మాటలకు యజమాని రాసినవాడు, బాణీకి యజమాని బాణీ కట్టినవాడు. రికార్డింగుకు, వీడియోకు మాత్రం మొదటి యజమాని నిర్మాత. అంటే దాన్ని తియ్యడానికి పూనుకుని బాధ్యత తీసుకున్నవాడు. కాగితం మీద ఆ పేరు ఆయనదైతే వీడియో ఆయనదే. మీరు అందులో ఆడినవాళ్లు, పాడినవాళ్లు, అంతే. ఇంకోటి, దండారీ బాణీ తాతల నాటిది, చట్టం దృష్టిలో దానికి ఫలానా ఒక్కరు యజమాని లేరు. కానీ దాన్ని వాడి తీసిన రికార్డింగుకు యజమాని పుడతాడు. రేపు పక్క ఊరి పిల్లలు అదే బాణీతో వీడియో పెడితే, యూట్యూబ్‌లో పాటలు పోల్చే యంత్రం “ఇది ఫలానా ఛానెల్‌ది” అని అడ్డం పడొచ్చు. మన పాట మనమే పాడుకున్నందుకు మనకే నోటీసు. అట్లా వస్తే భయపడి తీసెయ్యొద్దు. అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటుంది, దానికి అవతలివాడు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాబట్టి ఈ రాత్రే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఈ పాట, ఈ వీడియో నిర్మాత మన విద్యార్థి బృందం. మాటలు రాసింది ఎవరు, బాణీ ఎవరిది, ఏ ఊరిది, తుడుం కొట్టింది ఎవరు, అన్నీ పేర్లతో. తర్వాత ఆయనతో మాట్లాడండి. “మా ఛానెల్‌లో మేం పెడతాం. మీ ఛానెల్‌లో కూడా ఒక ఏడాది పెట్టుకోండి, మా పేర్లతో. ఇంకెవరికీ అమ్మొద్దు, కోయొద్దు” అనండి. ఒప్పుకుంటే రాతలో పెట్టండి. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కగడుతుంది, అందుకే ఏళ్లు మీరే రాయండి. 18 ఏళ్లు నిండనివాళ్ల ఒప్పందం చెల్లదు, కాబట్టి అమ్మానాన్నలు లేకుండా ఏ కాగితమూ ముట్టుకోవద్దు. 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు వచ్చే రాయల్టీ వాటాను వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా అది నిలవదు. ఇవి తెలిసి మాట్లాడితే ఆయన కూడా మర్యాదగా మాట్లాడతాడు. ఒప్పుకోకపోతే మూడు ఫోన్లతో తియ్యండి. డ్రోన్ షాట్ లేదని పాట ఆగదు.

పెద్ద కెమెరా లేకుండా ఎవరు వింటారు అని మీకు అనుమానం ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో విల్కేనియా అనే చిన్న ఊరు ఉంది, డార్లింగ్ నది ఒడ్డున. అక్కడి ఆదివాసీ పిల్లలు, మీకన్నా చిన్నోళ్లు, ఈత గురించి, చేపల గురించి 2002లో ఒక ర్యాప్ పాట చేశారు. దేశమంతా విన్నది. ఏళ్ల తర్వాత 2018–19లో అదే నదిలో లక్షల చేపలు చచ్చి తేలాయి. కెనడాలో గ్రాసీ నారోస్ అనే చోట ఒక కాగితం మిల్లు 1962 నుంచి 1970 వరకు నదిలోకి పాదరసం వదిలింది, ఆ జనం ఇప్పటికీ దాని రోగాలు మోస్తున్నారు. అక్కడి విద్యార్థులు 2016లో తమ ఊరి మీద పాట చేసి వీడియో తీశారు. ఏడుస్తూ కాదు, ఇది మా ఇల్లు అని చెప్తూ. మన పక్కనే ఒడిశా కాశీపూర్‌లో బాక్సైట్ గనులకు ఎదురు నిలిచిన ఆదివాసీ నాయకుడు భగవాన్ మాఝీ పాటలో నుంచి ‘గావ్ ఛోడబ్ నహీ’ వీడియో పుట్టింది. ఊరు విడవం అనే మాట ఎన్ని రాష్ట్రాలు తిరిగిందో మన ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు తెలుసు.

వాళ్ల పాటల్లాగే మీ పాటలోనూ నినాదం లేకపోయినా ఫర్వాలేదు. బస్సు రాని రోడ్డు ఉంది గదా అందులో. వాగు మీద లేని వంతెన ఉంది. పండక్కి సెలవు అడుక్కునే హాస్టల్ ఉంది. చూసేవాడికి అర్థమవుతుంది.

చివరగా భాష. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు సుమారు 29 లక్షల 80 వేల మంది. అయినా ఎనిమిదో షెడ్యూల్‌లో గోండి లేదు. సంతాలీ, బోడో 2003లో చేరాయి, పోరాడి చేరాయి. మీరు పాట కింద గోండి మాటలను తెలుగు అక్షరాల్లో, దాని కింద తెలుగు అర్థం పెట్టండి. పేరు మాత్రం గుంజాల గోండి లిపిలో రాయండి. మన నార్నూర్ మండలం గుంజాల పేరు మీద ఉన్న ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. చాలా ఫోన్లలో ఫాంట్ లేక డబ్బాలు కనబడతాయి, అందుకే బొమ్మగా చేసి పెట్టండి. ఒక్క పిల్ల “ఇదేం లిపి” అని అడిగినా చాలు.

ఎడిటింగ్ అయ్యాక మొదట యూట్యూబ్‌లో పెట్టొద్దు. ఊళ్లో ఒక తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ దొరికితే దాంతో, లేకపోతే ఒక టీవీలో, అందరికీ చూపించండి. అవ్వలు నవ్వుతారు, ఎవరో తిడతారు, ఒకరిద్దరు మార్పులు చెప్తారు. అవి చేసి పెట్టండి. ఫుటేజీ అంతా రెండు చోట్ల దాచండి, ఒకటి ఊళ్లోనే ఉండాలి. మన మనవలు మన ముఖాలు చూడడానికి లండన్ దాకా పోకూడదు.

ఇగ లేవండి, ఆ 60 షాట్లు రాయాలి.

జల్, జంగల్, జమీన్ మనది. జై సేవ.