గళ్ళలో ఒదిగిన సొంత అక్షరం
(తొలిసారి క్రాస్ కుట్టు నమూనా రూపొందించే విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళు నిండిన పాఠశాల ఉత్సవంలో కుట్టుపని ముచ్చట చిన్నదిగా తోచవచ్చు. కాని సూది పట్టిన చేతికి లెక్క తెలియాలి, కంటికి ఆకారం తెలియాలి, మనసుకు ఓర్పు కావాలి. ఆ మూడూ బడిలో నేర్పే విద్యలే.

కుట్టు నేర్చుకునే బాలిక చేతికి సాధారణంగా మొదట వచ్చేది ఎవరో గీసి అచ్చు వేసిన నమూనా. అందులో గులాబీలుంటాయి, పెంకుటిల్లు ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలుంటాయి. గళ్ళు లెక్కపెట్టి కుడితే బొమ్మ చక్కగానే వస్తుంది. తన పేరును తెలుగులో కుట్టుకోవాలన్న కోరిక పుట్టినప్పుడు చిక్కు వస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు ఎక్కువ కనుక అవి గళ్ళలో సులువుగా కూర్చుంటాయి. తెలుగు అక్షరం గుండ్రనిది. దానికి తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అనే పరివారం ఉన్నది. దానిని గళ్ళలోకి దింపే పని ఆ బాలిక తానే చేసుకోవాలి. సొంత నమూనా అవసరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

కోలారు జిల్లాలో ఈ అవసరం మరింత లోతైనది. మాలూరు తాలూకాలోని మాస్తి వంటి ఊళ్ళలో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం కలిసి నడుస్తాయి. తెలుగు చక్కగా మాట్లాడుతూ, ఆ లిపిని మాత్రం చదవలేని కుటుంబాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి. నాలుక మీద నిలిచిన భాష కంటికి దూరమైతే, అది ఒక తరం తరువాత ఏమవుతుందో పెద్దలకు తెలుసు. ఈ మాలూరు తాలూకాలోనే 1891లో పుట్టిన వెంకటేశ అయ్యంగారు ఇంట తమిళం మాట్లాడే కుటుంబంవారు. ఆయన కన్నడంలో రాసి, 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకొని, మాస్తి అన్న ఊరి పేరును దేశమంతటికీ తెలియజేశారు. ఇరుగు పొరుగు భాషలను ఆదరించడం ఈ నేలకు కొత్త కాదు.

నమూనా కల్పనకు కావలసిన పునాది కూడా ఈ నేల మీదనే ఉన్నది. ధనుర్మాసపు తెల్లవారుజామున వాకిట్లో చుక్కల ముగ్గు వేసే ఇల్లాలు కాగితం ముట్టకుండానే ఒక నమూనా గీస్తున్నది. చుక్కల వరుసలు లెక్కించడం, నడిమి చుక్క పట్టుకోవడం, నాలుగు వైపులా సమంగా పెంచడం క్రాస్ కుట్టు నమూనాకు కూడా మూలసూత్రాలే. అయితే ముగ్గుల్లో రెండు తీరులున్నాయి. చుక్కలను కలుపుతూ తిన్నని గీతలతో సాగేది గళ్ళలోకి వెంటనే దిగుతుంది. చుక్కల చుట్టూ వంపులు తిరిగే మెలికల ముగ్గు మెట్లు మెట్లుగా మారిపోయి అందం పోగొట్టుకుంటుంది. అందుచేత ఆరంభకులు మొదటి తీరునే ఎంచుకోవడం మంచిది.

కర్ణాటకలోనే ధార్వాడ ప్రాంతపు కసూతి పని దీనికి పెద్ద ఉదాహరణ. అందులో గవంతి, ముర్గి, నేయ్గె, మెంతి అని నాలుగు కుట్లు. గోపురం, రథం, తులసికోట, ఏనుగు మొదలైన బొమ్మలను బట్ట మీద ముందుగా గీయకుండా, నేత పోగులు లెక్కపెడుతూ, ముడి వేయకుండా కుడతారు. వీటిలో మెంతి అన్నది క్రాస్ కుట్టే. మెంతి గింజ పేరు తెలుగుకూ కన్నడానికీ దగ్గరి చుట్టం కనుక ఆ పేరు విన్న కోలారు ఇల్లాలికి అర్థం చెప్పనక్కరలేదు.

ఇక పని విధానం. ముందుగా లెక్కల గళ్ళ నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు చాలు. ఒక గడి ఒక కుట్టుకు గుర్తు. మొదటి పాఠంగా సున్న గీయాలి. ఏడు గళ్ళ వెడల్పు, ఏడు గళ్ళ ఎత్తు గల చతురస్రం తీసుకోవాలి. మొదటి వరుసలో నడిమి మూడు గళ్ళు నింపాలి. రెండో వరుసలో రెండవది, ఆరవది నింపాలి. మూడు, నాలుగు, అయిదు వరుసల్లో రెండు చివరి గళ్ళు మాత్రమే. ఆరో వరుస రెండో వరుసలాగా, ఏడోది మొదటిదానిలాగా ఉండాలి. మొత్తం 16 కుట్లు. దగ్గరగా చూస్తే మెట్లు కనబడతాయి. పుస్తకాన్ని గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి జరిగితే గుండ్రని సున్న కనబడుతుంది. గళ్ళలో వంపు రాదన్న భయం అక్కడితో తీరిపోతుంది.

ఆ సున్న నడిమికి సరిగా పైనున్న గడిని నింపి, దాని నుండి ఎడమకు ఏటవాలుగా పైకి ఒక గడి, కుడికి ఏటవాలుగా పైకి మూడు గళ్ళు నింపితే తలకట్టు వచ్చింది. సున్న ‘ర’ అయింది. మొత్తం 21 కుట్లు. అదే సున్న మీద తలకట్టును అడ్డంగా సాగదీసి చివర చిన్న వంపు ఇస్తే కన్నడ ‘ర’కు చేరువవుతుంది. ఒకే ప్రాచీన లిపి నుండి విడివడిన అక్కచెల్లెళ్ళు ఆ రెండు లిపులు. ఆ సంగతి చరిత్ర పుస్తకంలో చదివితే మరచిపోవచ్చు గాని, సూదితో కుట్టిన పిల్ల మరచిపోదు.

తరువాత ఊరి పేరు. ‘మాస్తి’లో దీర్ఘమున్నది, గుడి ఉన్నది, వత్తు ఉన్నది. అందుచేత తెలుగు అక్షరాలకు మూడు అంతస్తులు ముందే కేటాయించాలి. పైన గుడికి, తలకట్టుకు 4 వరుసలు, నడుమ అక్షరానికి 7, ఒక వరుస ఖాళీ, కింద వత్తుకు 6. మొత్తం 18. ఈ ఏర్పాటు మరచి కుట్టు మొదలుపెడితే వత్తు దగ్గర బట్ట చాలక మొత్తం విప్పుకోవలసి వస్తుంది. ‘మ’ వంటి అక్షరానికి ఏడు గళ్ళ వెడల్పు చాలదు. అక్షరాలన్నిటినీ ఒకే వెడల్పులో ఇరికించడం కన్నా, అక్షరానికీ అక్షరానికీ నడుమ ఖాళీని సమంగా ఉంచడం ముఖ్యం.

బట్ట కొలత కేవలం భాగహారం. పేరు 42 గళ్ళ వెడల్పు వచ్చిందనుకుంటే, అంగుళానికి 14 గళ్ళున్న బట్ట మీద అది 3 అంగుళాలు. అంగుళానికి 11 గళ్ళయితే 4 అంగుళాలకు కొంచెం తక్కువ. చుట్టూ మూడేసి అంగుళాల అంచు వదలాలి కనుక, 14 గళ్ళ బట్ట 9 అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు ఉంటే సరిపోతుంది. అంగుళానికి ఎన్ని గళ్ళో మ్యాటీ బట్ట కొనేటప్పుడే స్కేలు పెట్టి చూడడం మేలు. ఆరు పోగుల దారంలో రెండు పోగులు 14 గళ్ళ బట్టకు, మూడు పోగులు 11 గళ్ళ బట్టకు చాలు. మొన మొద్దుగా ఉన్న సూది వాడాలి. దారం మూర పొడవు మించితే చిక్కుపడుతుంది. బట్టను నాలుగు మడతలు పెట్టి నడిమి గుర్తించి, నమూనా నడిమి నుండే మొదలుపెట్టాలి. ప్రతి కుట్టులోనూ పైన పడే దారం ఒకే వైపుకు వాలి ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే ఎంత మంచి నమూనా అయినా గజిబిజిగా కనిపిస్తుంది.

రంగుల విషయంలో ఆశ తగ్గించుకోవాలి. మొదటి పనికి ఒక రంగు, మహా అయితే మూడు. ఈనాడు ఫోటోను క్షణంలో గళ్ళ నమూనాగా మార్చే కంప్యూటరు సాధనాలున్నాయి. అవి చాలాసార్లు పదుల కొద్దీ రంగులు చూపి ఆరంభకులను బెదరగొడతాయి. ఏది ఉంచాలో, ఏది వదలాలో నిర్ణయించడమే నమూనా కల్పన. రాగి కంకి కావాలంటే గింజ గింజా అక్కరలేదు. కాడ మీద వేళ్ళలా విచ్చుకున్న నాలుగైదు రేకలు చాలు, కోలారు బిడ్డ ఎవరైనా గుర్తుపడతారు.

చివరిగా ఒక మాట. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1598 నాటి కుట్టు నమూనా బట్ట ఒకటి ఉన్నది. దాని మీద అక్షరమాల, సంవత్సరం, కుట్టిన జేన్ బోస్టాక్ పేరు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పేరు చెరగలేదు. వాకిట్లో ముగ్గు వేసిన తల్లుల పేర్లో? ముగ్గు రోజూ చెరిగిపోయింది. వారి లెక్క, వారి కల్పన ఎవరూ రాసి పెట్టలేదు. కనుక ప్రతి విద్యార్థీ తన నమూనా కాగితం మీద పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. ఏ ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాయాలి. ఆ కాగితాలను బడి బీరువాలో భద్రపరిస్తే, తరువాతి తరగతి పిల్లకు ‘అ’ నుండి ‘ఱ’ దాకా తెలుగు అక్షరాల నమూనా సిద్ధంగా దొరుకుతుంది. అప్పుడు ఆమె ఎక్కడో అచ్చయిన గులాబీతో కాక, తన అక్షరంతోనే సూది పట్టడం మొదలుపెడుతుంది.