మరియ పాటను గుడ్డ మీద కుట్టాం

(పావగడ తాలూకాలో జరిగిన క్రిస్మస్ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



లోపలికి వస్తూ ఈ గోడ మీది పది గుడ్డలను మీరంతా చూసే ఉంటారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో 46 నుంచి 55 వరకు ఉన్న పది వచనాలు. ఒక్కో ఇల్లు ఒక్కో వచనాన్ని క్రాస్ స్టిచ్‌లో కుట్టింది. ఇది అలంకారం కోసం మొదలుపెట్టిన పని కాదు. ఎందుకు మొదలుపెట్టామో చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాం.

మన ఇళ్లలో క్రిస్మస్ ముందు రాత్రి బైబిలు చదవడం ఆనవాయితీ. గుమ్మానికి నక్షత్రం కట్టి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని లూకా రెండో అధ్యాయం చదువుతాం. ఆ అధ్యాయం మనకు కొత్త కాదు. జనసంఖ్య రాయించుకోవడానికి ఎవరి ఊరికి వాళ్లు ప్రయాణమై పోవడం అందులో ఉంది. బెంగళూరులో కట్టడం పనులకు పోయిన మనవాళ్లు పండక్కి బస్సుల్లో నిలబడి వస్తారు కదా, ఆ మాట చదువుతుంటే వాళ్లే గుర్తొస్తారు. చలిలో పొలంలో మందను కాచుకుంటున్న కాపరులూ మన ఊరివాళ్లలాగే కనిపిస్తారు.

రెండేళ్ల కిందట ఆ రాత్రి ఒక ఇంట్లో అవ్వ తన మనవరాలి చేతికి బైబిలిచ్చి చదవమంది. పిల్ల పుస్తకం తెరిచి చాలాసేపు చూసి, "అవ్వా, నాకు తెలుగు చదవను రాదు" అంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, బడిలో కన్నడం చదువుతుంది. అవ్వకు వాక్యం నోటికి వచ్చు, అక్షరం రాదు. పిల్లకు అక్షరాలు వచ్చు, ఆ అక్షరాలు కావు. పుస్తకం ఇద్దరి మధ్య ఊరికే ఉండిపోయింది.

మన తాలూకా ఉన్నది కర్ణాటకలో. చుట్టూ చాలా మేర ఆంధ్ర సరిహద్దే. బడి కన్నడం, ఇల్లు తెలుగు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. కన్నడం మన పిల్లలకు అన్నం పెట్టే భాష, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. అయితే అవ్వ ప్రార్థన మనవరాలికి అందకుండా పోతే నష్టం మనదే.

అప్పుడు ఒక అక్క అంది: "అక్షరం నేర్పితే పిల్లలు పారిపోతారు. కుట్టు నేర్పుదాం, అక్షరం దాని వెంట వస్తుంది."

గళ్ల కాగితం తెచ్చి అక్షరాలు గీయడం మొదలుపెట్టాం. ఇంగ్లీషు పెద్దక్షరాలకు గీతలు ఎక్కువ, గళ్లలో తేలిగ్గా ఇముడుతాయి. తెలుగు అక్షరాలు గుండ్రం. గుండ్రాన్ని నాలుగు పలకల గళ్లలో ఇమడ్చాలంటే మెట్లు మెట్లుగా తిప్పాలి. మొదట కుట్టిన 'మ' ఏ అక్షరమో ఎవరికీ తెలియలేదు. ఒత్తులకు కింద చోటు వదలక ఒక వరుస మొత్తం విప్పేశాం. తలకట్టు మాత్రం ఒక పిల్లే కనిపెట్టింది: దానికి పూర్తి ఇంటూ గుర్తు అక్కర్లేదు, ఏటవాలు కుట్లు చాలు. కన్నడ అక్షరాలకూ తెలుగు అక్షరాలకూ చాలావాటికి తల దగ్గరే తేడా అని కూడా ఆ పిల్లే అంది. రెండూ ఒక తల్లి బిడ్డలే కదా! ఆ తేడా చేతికి తెలిశాక కంటికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కుట్టేటప్పుడు పక్కనే కూర్చున్న అవ్వ వచనాన్ని చెబుతూ ఉంటే, పిల్ల ఆ మాట ఎక్కడుందో గుడ్డ మీద వెతుక్కునేది.

మరి రెండో అధ్యాయం వదిలి మొదటి అధ్యాయం ఎందుకు ఎంచుకున్నాం? ప్రతి ఏటా మనం మరియను పశువుల తొట్టి పక్కన మౌనంగా కూర్చోబెడతాం. నాటికలోనూ ఆమెకు మాటలుండవు. లూకా మాత్రం బిడ్డ పుట్టకముందే ఆమె చేత పాడించాడు. రోమా ఏలుబడి కింద, నజరేతు అనే చిన్న ఊళ్లో ఉన్న ఒక ఆడపిల్ల పాట అది. గద్దెల మీద ఉన్నవాళ్లు దిగిపోతారని, అణగారినవాళ్లు పైకి వస్తారని, ఆకలితో ఉన్నవాళ్ల కడుపు నిండుతుందని పాడింది. అందులో సమూయేలు తల్లి హన్నా పాట గుర్తులు కనిపిస్తాయి. అంటే తల్లుల నోట పాత పాట ఆమెకు అంది ఉంటుంది. అవ్వల నుంచి మనవరాళ్లకు అందాల్సింది అదే.

కుట్టు పనికి వాక్యంలో చోటు లేదనుకోవద్దు. లూకాయే రాసిన అపొస్తలుల కార్యముల గ్రంథం 9వ అధ్యాయంలో దొర్కా ఉంది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె మాటలను కాదు, ఆమె కుట్టిన బట్టలను.

ఇక్కడ ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. పని సగంలో ఉండగా పట్నం నుంచి వచ్చిన ఒకాయన చూసి, "బాగున్నాయమ్మా, ఇలాంటివి ఒక్కోటి నూటయాభైకి కుట్టిస్తారా? ఎలాగూ ఖాళీగానే ఉంటారు కదా" అన్నాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. అంగుళానికి 14 గళ్లు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు గుడ్డలో 15,680 గళ్లు. పావు భాగం నింపినా 3,920 కుట్లు. గంటకు నూరు కుట్లు వేస్తే దాదాపు 40 గంటలు, అంటే ఐదు రోజుల పని. కర్ణాటకలో 2025-26కి ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలు. ఐదు రోజులకు 1,850. ఆయన ఇస్తానన్నది నూటయాభై. దారం ఖర్చు మనదే!

ఇది మనతో మొదలైంది కాదు. గోదావరి తీరాన నర్సాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. అది విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ అల్లికల స్త్రీల మీద పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు గంటల తరబడి పనిచేస్తున్నవాళ్లను తీరిక వేళ గడుపుకునే గృహిణులని పిలిచారని, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ పిలుపు తోడ్పడిందని చూపించింది. 'ఖాళీగానే ఉంటారు' అన్న మాట అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే.

మన దగ్గర ఎందుకు ఖాళీ అయ్యామో మనకు తెలుసు. తిరుమణి చుట్టూ ఐదు ఊళ్ల పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. కరువు నేలకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు మొదలవడం భూమి ఉన్నవాళ్లకు ఊరట. భూమి లేనివాళ్లకు కౌలు లేదు. వేరుశనగ పీకే కూలి పని కూడా ఆ పొలాల్లో పోయింది. మరియ పాట ఎవరి గురించి పాడిందో వాళ్లే ఈ గుడ్డలు కుట్టిన చాలామంది.

అందుకే ఈ పది గుడ్డలూ అమ్మకానికి కాదు. రేపు మేము అమ్మడానికి కుట్టినా, కూలి లెక్క వేశాకే ధర చెబుతాం. మీరు కొనేవాళ్లయితే బేరానికి ముందు గంటలు అడగండి.

యౌవనస్థులారా, మీకు రెండు మాటలు. ఈసారి లూకా రెండో అధ్యాయానికి ముందు మొదటి అధ్యాయంలోని మరియ పాట చదవండి, ఇంట్లో అందరికంటే పెద్ద స్త్రీ చేత చెప్పించండి. పండగ సెలవుల్లో జాషువా 'క్రీస్తు చరిత్ర' కూడా తెచ్చుకుని కలిసి చదవండి. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పుస్తకం అది. అంటరానితనం అనుభవించిన కవి యేసును ఎలా చూశాడో తెలుస్తుంది.

నిరుటి క్రిస్మస్ రాత్రి ఆ పిల్ల బైబిలు తెరిచి మరియ పాట తనే చదివింది. రెండుచోట్ల ఒత్తు దగ్గర ఆగింది. అవ్వ అందించింది. ఇద్దరూ కలిసి ముగించారు.

ప్రభువు మన చేతుల పనిని దీవించును గాక. ఆమేన్.